సర్ ఫ్రెడ్డీ లేకర్: సామాన్యుడికి సరిపడే విమానాన్ని వెదికిన మనిషి



ఈ ప్రత్యేక సంచికకు ఎవరైనా ప్రసిద్ధ వ్యక్తి జీవితం గురించి రాయవలసిందిగా సంపాదకవర్గం వారు కోరారు. దేశనాయకుల గురించి, కవిపండితుల గురించి రాయగల పెద్దలు మన సంఘంలో చాలామంది ఉన్నారు. నేను సర్వీసులో సగానికి పైగా కొనుగోళ్ళ సెక్షన్లో గడిపినవాడిని. టెండర్లు పిలవడం, కొటేషన్లు పక్కపక్కన పెట్టి స్టేట్‌మెంటు తయారు చేయడం, యంత్రం ధర ఒక్కటే కాకుండా అది తాగే నూనె, దానికి కావలసిన మనుషులు, విడిభాగాలు అన్నీ లెక్కకట్టడం నాకు తెలిసిన విద్య. ఆ విద్యలో ఆరితేరి, చివరికి ఆ విద్యలోనే దెబ్బతిన్న ఒక పెద్దమనిషి కథ చెబుదామనిపించింది. ఆయనే సర్ ఫ్రెడ్డీ లేకర్, ఇంగ్లండు దేశస్థుడు.

మనలో చాలామంది పిల్లలు అమెరికాలో ఉన్నారు. వాళ్ళను చూడడానికి బయలుదేరాలంటే మనం మొదట అడిగేది టికెట్టు ఎంత అని. ఒకప్పుడు అట్లాంటిక్ సముద్రం దాటడమంటే డబ్బున్నవాళ్ళకే సాధ్యమైన పని. ఆ గోడను గట్టిగా బద్దలుకొట్టినవారిలో లేకర్‌ది ముందు వరస. ఆయన 2006లో కాలం చేశారు. నేటి యువతకు ఆ పేరు అంతగా తెలియదు.

తుక్కులో దొరికిన చదువు

లేకర్ 1922 ఆగస్టు 6న ఇంగ్లండులోని కాంటర్‌బరీలో పుట్టారు. చిన్నతనంలోనే తండ్రి ఇల్లు విడిచి వెళ్ళిపోగా తల్లి కష్టపడి పెంచింది. చదువు పెద్దగా అబ్బలేదు. పదహారో ఏట రోచెస్టర్‌లోని షార్ట్ బ్రదర్స్ విమాన కర్మాగారంలో చేరారు. మొదట్లో ఆయన పని గది ఊడ్వడం, పెద్దవాళ్ళకు టీ కాచి ఇవ్వడం. రెండో ప్రపంచ యుద్ధం వచ్చాక, ఫ్యాక్టరీల నుంచి వైమానిక దళానికి విమానాలు చేరవేసే ఎయిర్ ట్రాన్స్‌పోర్ట్ ఆగ్జిలియరీ సంస్థలో ఫ్లైట్ ఇంజనీరుగా చేరి, తరువాత పైలట్ కూడా అయ్యారు. రకరకాల విమానాల ఆనుపానులు ఆయనకు చేతివేళ్ళతోనే తెలిశాయి.

యుద్ధం ముగిశాక మిగిలిపోయిన విమానాలు, విడిభాగాలు కుప్పలుగా అమ్మకానికి వచ్చాయి. లేకర్ ఆ వ్యాపారంలో దిగి, 1947లో ఏవియేషన్ ట్రేడర్స్ అనే సంస్థ పెట్టారు. ఒక స్నేహితుడిచ్చిన 38,000 పౌన్ల అప్పుతో బి.ఒ.ఎ.సి. వదిలించుకుంటున్న డజను హాలిఫాక్స్ రకం విమానాలు కొన్నారు. వాటితో ఏం చేస్తాడో ఎవరికీ అర్థం కాలేదు. ఇంతలో 1948 జూన్‌లో సోవియట్ రష్యా బెర్లిన్ నగరానికి దారులు మూసేసింది. తిండి, బొగ్గు అన్నీ ఆకాశమార్గాన చేరవేయవలసి వచ్చింది. ఎగరగల విమానం ప్రతిదానికీ గిరాకీ వచ్చింది. లేకర్ విమానాలు దాదాపు సంవత్సరం పాటు సరుకు మోశాయి. ఆ పని అయిపోగానే ఆయన వాటిని ముక్కలు చేయించి, కరిగించి, అల్యూమినియం దిమ్మలుగా అమ్మేశారు. అది వంటపాత్రలు చేసేవాళ్ళకు పోయింది. మోజుపడి దేన్నీ అట్టిపెట్టుకోకపోవడం ఆ రోజుల్లో ఆయనకున్న గొప్ప గుణం.

అన్ని కొనుగోళ్ళూ కలిసి రాలేదు. ఆయన సంస్థ సొంతంగా 28 సీట్ల చిన్న విమానం ఒకటి తయారు చేయించింది. దాని పేరు అకౌంటెంట్. 1957లో ఎగిరింది. చూసినవాళ్ళు బాగుందన్నారు గాని ఒక్క ఆర్డరూ రాలేదు. 1960లో దాన్నీ తుక్కు చేశారు. ఆ మరుసటి ఏడు పాత డగ్లస్ డీసీ-4 విమానాల ముక్కు భాగం మార్పించి, పైలట్ల గదిని పైకి ఎత్తించి, ముందు తలుపు గుండా అయిదు కార్లు ఎక్కించుకునే కార్వెయిర్ అనే విమానాన్ని తయారు చేయించారు. కార్లతో సహా ఇంగ్లిష్ కాలువ దాటే ప్రయాణికులకు అది ఉపయోగపడింది. కొత్తది తయారు చేయడం కంటే చౌకగా దొరికే పాతదాన్ని మన పనికి మలుచుకోవడం మేలని ఈ రెండు అనుభవాలూ చెబుతున్నాయి. అలాంటివి 21 తయారయ్యాయి.

1960లో ఏర్పడిన బ్రిటిష్ యునైటెడ్ ఎయిర్‌వేస్‌కు ఆయన మేనేజింగ్ డైరెక్టరయ్యారు. బి.ఎ.సి. వన్-ఎలెవెన్ అనే జెట్ విమానాన్ని అందరికంటే ముందు ఆర్డరు చేసింది ఆ సంస్థే. 1965లో అక్కడ నుంచి తప్పుకుని, 1966లో సొంతంగా లేకర్ ఎయిర్‌వేస్ ప్రారంభించారు. మొదట రెండు పాత బ్రిటానియా విమానాలు, తరువాత వన్-ఎలెవెన్లు. వాటిని టూరిస్టు కంపెనీలకు గంటల లెక్కన అద్దెకిచ్చేవారు. ఇంజన్లను పూర్తి బలంతో నడపకుండా పైకి లేపించేవారు. ప్రయాణికుల సామాను తగ్గించి, ఆ బరువుకు బదులు ఎక్కువ దూరం ఎగరగల ఇంధనం నింపించేవారు. మన ఇళ్ళలో గృహిణులు గ్యాసు బండ ఎన్నాళ్ళు వచ్చిందో తేదీ వేసి చూసుకుంటారే, ఆయనది అలాంటి కన్ను.

రైలెక్కినట్టు విమానమెక్కడం

ఆ కాలంలో అట్లాంటిక్ మీద టికెట్టు ధరలను పెద్ద విమాన సంస్థలు కూర్చుని కలిసి నిర్ణయించుకునేవి. చౌకగా పోవాలంటే చార్టరు విమానం ఒక్కటే దారి. దానికి కూడా ఒక విచిత్రమైన నిబంధన ఉండేది. ప్రయాణం కోసం కాక వేరే ఉద్దేశంతో ఏర్పడిన ఏదో ఒక సంఘంలో కనీసం ఆరు నెలలుగా సభ్యులై ఉండాలి. దాంతో లేని సంఘాలు పుట్టుకొచ్చాయి. అధికారులు విమానాశ్రయంలో నిలబెట్టి, ఏ సంఘం, ఎప్పుడు చేరావు అని ముసలివాళ్ళను కూడా ప్రశ్నించి వెనక్కి పంపేవారు. లేకర్ విమానాల దగ్గర కూడా ఇది జరిగింది. ఆయనకు ఒళ్ళు మండిపోయింది.

1971లో ఆయన ప్రభుత్వానికి ఒక దరఖాస్తు పెట్టారు. పేరు స్కైట్రెయిన్, అంటే ఆకాశ రైలు. ముందుగా రిజర్వేషన్ ఉండదు. ఆ రోజు వచ్చి, వరసలో నిలబడి, టికెట్టు కొనుక్కుని ఎక్కాలి. తిండి కావలసినవాళ్ళు డబ్బిచ్చి కొనుక్కోవాలి. లండన్ నుంచి న్యూయార్కుకు ఒకవైపు చార్జీ వేసవిలో 37 పౌన్ల 50 పెన్నీలు. అప్పుడు ఆయన దగ్గరున్నది క్వాంటాస్ వాడి వదిలేసిన రెండు బోయింగ్ 707లు. ఒక్కొక్క దానిలో 158 సీట్లు.

విమానం ఎంపిక

ఇక్కడ కాస్త లెక్కల్లోకి దిగుతాను, విసుక్కోకండి.

ఆర్.టి.సి. బస్సు డిపో దాటాక ఖాళీ సీటుకు విలువ లేదు. విమానమూ అంతే. సీట్లు నిండినా నిండకపోయినా పైలట్ల జీతం, విమానాశ్రయం రుసుము, విమానం మీద అప్పు వాయిదా మారవు. ఇంధనం కూడా పెద్దగా తగ్గదు. కాబట్టి చౌక టికెట్టు అమ్మేవాడు ఒక్కొక్క సీటుకు పడే ఖర్చు బాగా తక్కువగా ఉండే విమానం చూసుకోవాలి. అయితే సీట్లు ఎక్కువున్నాయి కదా అని మరీ పెద్దది తెచ్చుకుంటే చలికాలంలో సగం ఖాళీగా ఎగురుతుంది.

707లో నాలుగు ఇంజన్లు, 158 సీట్లు. అవి పాతకాలపు ఇంజన్లు, ఇంధనం విపరీతంగా తాగేవి. బోయింగ్ 747 చాలా పెద్దది, దానికీ నాలుగు ఇంజన్లే, ధర కూడా అందుకు తగ్గట్టే. ఈ రెంటికీ మధ్య ఆ రోజుల్లో రెండు కొత్త విమానాలు వచ్చాయి. ఒకటి లాక్‌హీడ్ వారి ట్రైస్టార్, రెండోది మెక్‌డొనెల్ డగ్లస్ వారి డీసీ-10. రెంటికీ మూడేసి ఇంజన్లు. ట్రైస్టార్‌కు ఇంజన్లు బ్రిటన్‌లోని రోల్స్-రాయిస్ వారివి. 1971 ఫిబ్రవరిలో రోల్స్-రాయిస్ దివాలా తీయడంతో ట్రైస్టార్ ఆలస్యమైంది. డీసీ-10 అదే సంవత్సరం ఆగస్టులో సర్వీసులోకి వచ్చేసింది.

అప్పుడే ఒక అవకాశం ఎదురొచ్చింది. జపాన్‌లోని మిత్సుయి సంస్థ, ఆల్ నిప్పన్ ఎయిర్‌వేస్ కొంటుందన్న నమ్మకంతో ముందుగానే కొన్ని డీసీ-10లు ఆర్డరు చేసింది. ఆల్ నిప్పన్ వారు ట్రైస్టార్ వైపు మొగ్గారు. దాని వెనక నడిచిన లంచాల భాగోతం 1976లో బయటపడి జపాన్ మాజీ ప్రధాని టనాకా అరెస్టు దాకా పోయింది. మొత్తానికి మిత్సుయి చేతిలో విమానాలు మిగిలిపోయాయి. అమ్ముకోవలసిన గరజు వాళ్ళది. కొనేవాడు తొందరపడనక్కర్లేదు. లేకర్ రెండు విమానాలు బేరమాడి, ఆ మిత్సుయి దగ్గరే అప్పు కుదుర్చుకుని, 1972లో ఇంటికి తెచ్చుకున్నారు. బ్రిటన్‌లో డీసీ-10 నడిపిన మొదటి సంస్థ ఆయనదే.

ఆయన కొన్నది డీసీ-10లో పది శ్రేణి. అమెరికాలోపల తిరగడానికి ఉద్దేశించిన రకం. దూరప్రయాణాలకు వేరే ముప్పై శ్రేణి ఉంది. అది మరింత బరువు, మరింత ధర. లండన్ నుంచి న్యూయార్కుకు సుమారు 5,500 కిలోమీటర్లు. పది శ్రేణికి అది అందే దూరమే. అక్కర్లేని శక్తికి డబ్బు పెట్టకుండా, ఉన్న దారికి సరిపోయేదే ఆయన తీసుకున్నారు. అందులో 345 సీట్లు వేయించారు. తరువాత 1978లో లాస్ ఏంజిలిస్‌కు నడిపినప్పుడు ఆ విమానం మధ్యలో మెయిన్ రాష్ట్రంలోని బాంగర్‌లో దిగి ఇంధనం పోసుకోవలసి వచ్చింది.

స్కైట్రెయిన్‌కు అనుమతి రాకముందే విమానాలు వచ్చేశాయి. ఆయనకు దిగులు లేదు. ఎండ కోసం స్పెయిన్ దీవులకు పోయే టూరిస్టులతోను, 1973 నుంచి అనుమతించిన ముందస్తు బుకింగ్ చార్టర్లతోను వాటిని తిప్పారు. ఒక పని లేకపోతే ఇంకో పని చేయగల యంత్రాన్ని కొన్నవాడికి ఉండే నిబ్బరం అది.

ఆరేళ్ళ పోరాటం

1972లో బ్రిటిష్ విమానయాన సంస్థ లైసెన్సు ఇచ్చింది గాని అమెరికా సంతకం రాలేదు. ఇంతలో 1973 అక్టోబరు యుద్ధంతో చమురు ధర నాలుగు రెట్లయింది. 1975లో బ్రిటన్ మంత్రి పీటర్ షోర్ ఆ అనుమతే రద్దు చేస్తున్నట్టు ప్రకటించారు. లేకర్ కోర్టుకెక్కారు. 1976లో కింది కోర్టు, డిసెంబరులో లార్డ్ డెన్నింగ్ అధ్యక్షతన అప్పీలు కోర్టు ఆయన పక్షానే తీర్పు చెప్పాయి. 1977 జూన్‌లో అమెరికా అధ్యక్షుడు కార్టర్ అంగీకరించారు.

1977 సెప్టెంబరు 26న గాట్విక్ నుంచి మొదటి స్కైట్రెయిన్ 272 మందితో లేచింది. చార్జీ 59 పౌన్లు. లెక్క చూడండి. విమానం నిండితే ఒక ప్రయాణానికి 20,355 పౌన్లు. మొదటిరోజు వచ్చినది 16,048 పౌన్లు. అదే చార్జీకి 707 పూర్తిగా నిండినా వచ్చేది 9,322 పౌన్లే. మూడు సీట్లు ఖాళీ పోయినా, ముప్పై ఖాళీ పోయినా డీసీ-10 తట్టుకోగలదు. పాత 707 ఆ చార్జీతో నిలవలేదు. టికెట్టు చౌకగా అమ్మగలగడానికి అసలు కారణం లేకర్ ఉదారత కాదు, ఆ 345 సీట్లు.

1978 వేసవిలో లండన్‌లోనూ న్యూయార్కులోనూ టికెట్ల కోసం జనం రాత్రిళ్ళు ఫుట్‌పాత్‌ల మీదే పడుకున్నారు. విద్యార్థులు, మనవలను చూడబోయే ముసలమ్మలు, జీవితంలో విమానం ఎక్కనివాళ్ళు. ఆ ఏడే బ్రిటన్ రాణి ఆయనకు సర్ బిరుదు ఇచ్చారు. టీ కాచిన కుర్రవాడు సర్ ఫ్రెడ్డీ అయ్యారు.

ఒకే రకం విమానం

కొనుగోళ్ళ సెక్షన్లో మాకు మొదట నేర్పే పాఠం, అంతా ఒకే రకం తీసుకుంటే విడిభాగాలు, మెకానిక్కులు చౌక అని. రెండో పాఠం, ఆ ఒక్క రకంలో లోపం ఉంటే అంతా ఒకేసారి ఆగిపోతుందని. లేకర్‌కు రెండో పాఠం 1979లో ఎదురైంది.

డీసీ-10 మీద అంతకుముందే ఒక మచ్చ ఉంది. 1974 మార్చి 3న పారిస్ దగ్గర టర్కిష్ ఎయిర్‌లైన్స్ విమానం సరుకుల అర తలుపు ఊడిపోయి కూలింది. 346 మంది చనిపోయారు. 1979 మే 25న షికాగోలో అమెరికన్ ఎయిర్‌లైన్స్ విమానం పైకి లేస్తుండగా ఎడమ ఇంజను ఊడిపడి కూలింది. నేల మీది ఇద్దరితో కలిపి 273 మంది పోయారు. ఇంజను తీసి బిగించే పద్ధతిలో జరిగిన తప్పు వల్ల దాని ఆధారం పగిలిందని తరువాత తేలింది. జూన్ 6న అమెరికా ప్రభుత్వం డీసీ-10లన్నింటినీ నిలిపివేసింది. విదేశీ డీసీ-10లు కూడా అమెరికా ఆకాశంలోకి రాకూడదంది. జూలై 13 దాకా ఆ ఆజ్ఞ ఉంది. వేసవి రాబడి మీద ఏడాదంతా బతికే సంస్థకు అయిదు వారాల పాటు అమెరికా దారి మూతపడింది. తనది కాని తప్పుకు లేకర్ మూల్యం చెల్లించారు.

చివరి కొనుగోలు

ఇక్కడి నుంచి ఆయన పాత జాగ్రత్త సడలిందని నా అభిప్రాయం. దూరప్రయాణాలకు అయిదు కొత్త డీసీ-10 ముప్పై శ్రేణి విమానాలు, యూరప్ లోపల తిరగడానికి పది కొత్త ఎయిర్‌బస్ ఏ300లు ఆర్డరు చేశారు. యూరప్‌లో 666 మార్గాలకు లైసెన్సులు అడిగారు. అవి రాలేదు. మూడు ఎయిర్‌బస్‌లు మాత్రం 1981లో వచ్చి గుమ్మంలో నిలిచాయి. 1972లో కూడా ఆయన అనుమతికి ముందే విమానాలు కొన్నారు నిజమే. అప్పుడు కొన్నవి రెండు, ఎవరికో మిగిలిపోయినవి. ఇప్పుడు కొన్నవి సరికొత్తవి, డజనుకు పైగా, అంతా డాలర్లలో తీసుకున్న అప్పు.

డాలరు అప్పు ఎలా కాటువేసిందో చూడండి. 1980 చివరలో ఒక పౌను ఇస్తే సుమారు 2 డాలర్ల 40 సెంట్లు వచ్చేవి. 1981 వేసవి ముగిసేసరికి 1 డాలరు 80 సెంట్లు. 24 లక్షల డాలర్ల వాయిదాకు అంతకుముందు 10 లక్షల పౌన్లు చాలేవి. ఇప్పుడు 13 లక్షల 33 వేలు కావాలి. టికెట్లు కొనే బ్రిటిష్ ప్రయాణికుడేమో పౌన్లలోనే ఇస్తాడు. దానికి తోడు 1979 ఇరాన్ విప్లవం తరువాత చమురు మళ్ళీ పెరిగింది, వ్యాపారాలు మందగించాయి. కంపెనీ ఆయన కుటుంబపు సొంతం, ఆపదలో ఆదుకోవడానికి వాటాదారుల మూలధనం లేదు. సరిగ్గా అప్పుడే, 1981 శరదృతువులో, పెద్ద సంస్థలు తమ చార్జీలను ఆయన చార్జీల స్థాయికి దించేశాయి. అదే ధరకు భోజనంతో సహా పెద్ద కంపెనీ టికెట్టు దొరుకుతుంటే వరసలో ఎవరు నిలబడతారు?

1982 ఫిబ్రవరి 5 ఉదయం లేకర్ ఎయిర్‌వేస్ మూతపడింది. అప్పు 25 కోట్ల పౌన్లు దాటింది. గాలిలో ఉన్న విమానాలను వెనక్కి తిప్పారు. సుమారు ఆరువేల మంది ప్రయాణికులు పరాయి ఊళ్ళలో చిక్కుబడ్డారు. ఉద్యోగులు ఒక్క పూటలో వీధిన పడ్డారు. నెల నెలా జీతం అందుకుని రిటైరైన మనకు ఆ మాట బరువు తెలుస్తుంది. విచిత్రమేమిటంటే ప్రజలు ఆయనను తిట్టలేదు. సంస్థను నిలబెట్టడానికి సామాన్యులు తమ జేబుల నుంచి చందాలు పంపారు.

పెద్ద సంస్థలు కుట్రపడి దెబ్బతీశాయంటూ లిక్విడేటరు అమెరికాలో దావా వేశారు. 1985లో రాజీ కుదిరింది. బాకీదారుల కోసం 4 కోట్ల 80 లక్షల డాలర్లు, లేకర్‌కు 80 లక్షల డాలర్లు ఇచ్చారు.

తరువాతి వాళ్ళు

1984 జూన్‌లో రిచర్డ్ బ్రాన్సన్ వర్జిన్ అట్లాంటిక్ పెట్టినప్పుడు లేకర్ సలహాలు తీసుకున్నారు. బ్రాన్సన్ తెచ్చుకున్నది ఒకే ఒక్క పాత 747, అదీ ఏడాది తరువాత తిరిగి ఇచ్చేయగల షరతు మీద. లేకర్ పతనం నుంచి ఆయన నేర్చుకున్న పాఠం ఆ షరతులో కనిపిస్తుంది. తరువాత వర్జిన్ వారు తమ విమానం ఒకదానికి లేకర్ పేరు పెట్టుకున్నారు. లేకర్ 1990లలో మళ్ళీ డీసీ-10లతోనే ఫ్లోరిడా నుంచి లండన్‌కు నడిపి చూశారు. అది 1998లో ఆగింది. 2006 ఫిబ్రవరి 9న ఫ్లోరిడాలో, 83వ ఏట కన్నుమూశారు.

ఆ సమస్య ఆయనతో పోలేదు. నార్వేజియన్ సంస్థ 2014లో గాట్విక్ నుంచి న్యూయార్కుకు రెండు ఇంజన్ల బోయింగ్ 787తో చౌక సర్వీసు నడిపింది. విమానం మంచిదే. ఇంజన్లలో లోపాలు తేలి కొన్ని నేలమీద నిలిచాయి, అప్పులు పెరిగాయి, కరోనా వచ్చింది. 2021 జనవరిలో దూరప్రయాణాలు మానుకుంది. అదే సంవత్సరం ఆగస్టులో జెట్‌బ్లూ సంస్థ 138 సీట్ల చిన్న ఎయిర్‌బస్ ఏ321తో న్యూయార్కు నుంచి లండన్‌కు నడపడం మొదలుపెట్టింది. నాలుగు ఇంజన్ల 707 చేసిన పనిని ఇప్పుడు రెండు ఇంజన్లు చేస్తున్నాయి. అందువల్ల చిన్న విమానంతో కూడా గిట్టుబాటు చూసుకోవచ్చునని కొత్తవాళ్ళ ఆశ.

సర్వీసులో ఉండగా నేను తయారుచేసిన స్టేట్‌మెంట్లలో ధర, బలం, ఇంధనం అని కాలమ్‌లు ఉండేవి. ఏ డబ్బుతో కొంటున్నాం, పని లేకపోతే తిరిగి ఇచ్చేయగలమా అనే కాలమ్‌లు ఉండేవి కావు. లేకర్ కథ చదివాక అవే మొదట ఉండవలసినవని నాకు తోచింది. 1972లో ఆయన కొన్న విమానమూ మంచిదే, 1980 తరువాత వచ్చినవీ మంచివే. తేడా అంతా కొన్న తీరులోనే ఉంది.

అయినా ఆయన ఓడిపోయాడని అనుకోలేను. ఆయన కంపెనీ మునిగింది గాని, ఆయన దించిన చార్జీలు మళ్ళీ పాత ఎత్తుకు పోలేదు. ఈసారి మీరు పిల్లల దగ్గరికి విమానంలో వెళ్ళేటప్పుడు, మోకాళ్ళు ముందు సీటుకు తగులుతున్నాయని విసుక్కునే ముందు, ఆ 345 సీట్లు వేయించిన పెద్దాయనను ఒక్కసారి తలుచుకోండి.

సెలవు.